చెట్టినాడులో గోడలు తడుముతూ

జనవరి 18, తిరుచ్చి నుంచి కానాడుకాత్తాన్

చెట్టినాడంటే తమిళనాడులో నాట్టుకోట్టై చెట్టియార్లనే వడ్డీ వ్యాపారులు పెద్ద పెద్ద ఇళ్ళు కట్టుకున్న ఊళ్ళు, ఆ ఇళ్ళు చూడ్డానికే బయల్దేరాం. తిరుచ్చి దాటి పుదుక్కోట్టై వరకు చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డు బాగుంది, వానలు బాగానే పడ్డాయేమో చెరువుల్లో నీళ్ళున్నాయి, అంతే. మా డ్రైవరు మాత్రం మొదటి గంటలోనే ఆశ్చర్యపెట్టాడు. నేనూ, బాబాయ్, పిన్ని వెనకాల కూర్చుని, టీకి ఆపమని ఈయనకి తమిళంలో ఎలా చెప్పాలిరా దేవుడా అని గుసగుసలాడుకుంటుంటే అద్దంలోంచి చూసి నవ్వి "టీ కావాల్నా?" అన్నాడు. మదురై దగ్గర పల్లెటూరట. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదువంతా తమిళం, తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవలేడు. నాయక రాజుల కాలంలో వచ్చినవాళ్ళమని వాళ్ళ తాత చెప్పేవాడట. ఆయన తెలుగు సగం మాకర్థం కాలేదు, మా తెలుగు సగం ఆయనకి అర్థం కాలేదు. అయినా మూడు వేళలా ఎక్కడ తినాలో తేల్చుకోడానికి ఆ సగం చాలు.

తిరుమయంలో కాసేపు ఆగాం. 1687లో రామనాథపురం సేతుపతి కట్టించిన కోట, కొండని తొలిచిన శివుడి గుడి, దాని పక్కనే విష్ణువు గుడి. ఎండలో పైదాకా ఎక్కి ఫిరంగి పక్కన ఫొటో దిగి వచ్చేశాం. బాబాయ్ మనసు అక్కడ లేదు. ఆయన ఆర్ అండ్ బిలో ఏఈగా రిటైరైన మనిషి, ఉద్యోగమంతా సిమెంటు, కాంక్రీటుతోనే గడిచింది. చెట్టినాడు ఇళ్ళ గోడలకి గుడ్డుసొన కలిపిన సున్నం పూస్తారని ఎవరో చెప్పినప్పటినుంచి అదేంటో చెయ్యి పెట్టి చూడాలని పట్టు. పిన్ని భోజనాల కోసం వచ్చింది, ఆ మాట దాచుకోలేదు కూడా.

కానాడుకాత్తాన్ చేరేసరికి మధ్యాహ్నం మూడు. మేం గది తీసుకున్నది కూడా ఒక పాత ఇంట్లోనే. మ్యాప్ చెప్పిన చోట దిగితే ఎదురుగా పొడుగాటి గోడ, గోడలో ఒక చిన్న తలుపు, తలుపు ముందు కట్టేసిన ఆవు. తలుపు తడితే లోపల్నుంచి ఒక ముసలమ్మ వచ్చి మమ్మల్నీ మా పెట్టెల్నీ ఎగాదిగా చూసి, చేత్తో అటు తిరిగి రమ్మన్నట్టు చూపించి తలుపు వేసేసింది. అది పెరటి గుమ్మం. ఇక్కడి పెద్ద ఇళ్ళన్నీ ఒక వీధిలో మొదలై వెనక వీధిలో ముగుస్తాయి. మ్యాపులో పెట్టిన గుర్తు వెనక వీధి మీద పడింది. సందులోంచి పెట్టెలు ఈడ్చుకుంటూ నడిచాం, బాబాయ్ అడుగులు లెక్కపెట్టుకుంటూ. ముందు గుమ్మం చేరేసరికి నూట అరవై దాటాయి. "ఇది ఇల్లు కాదమ్మాయ్, వీధి" అన్నాడు.

ఊరు ఖాళీగా ఉంటుందని చదివాను గానీ ఇంత ఖాళీ అనుకోలేదు. తిన్నగా గీసినట్టున్న వీధులు, రెండు పక్కలా రెండంతస్తుల ఇళ్ళు, పైన పిట్టగోడల మీద గజలక్ష్మి, ఆవిడకి అటూ ఇటూ తుపాకులు పట్టుకున్న సున్నపు సిపాయిలు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. కిరాణా కొట్టు కోసం వెతికితే బస్సులు ఆగే చోట ఒకటి దొరికింది.

గది అయిదు వేలు, పొద్దున్న టిఫిన్‌తో కలిపి. రాత్రికి వెళ్ళై పణియారం పెట్టారు. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిని గరిటెతో నూనెలో వదిలితే తెల్లగా పొంగి, అంచు మాత్రం కరకరలాడుతుంది. పక్కన ఎండుమిర్చి కారం చట్నీ. ఎర్రబడకుండా ఎలా తీశారో చెప్పమని పిన్ని వంటగదిలోకి వెళ్ళి అరగంట దాకా రాలేదు.

జనవరి 19, కానాడుకాత్తాన్

పొద్దున్నే ఊరు తిరిగాం. ఊరి మధ్యలో అన్నిటికన్నా పెద్దది, అన్నామలై చెట్టియార్ 1912లో కట్టించిన చెట్టినాడు ప్యాలెస్. అన్నామలై యూనివర్సిటీ పెట్టిన ఆయనే. దాన్ని బయటినుంచే చూశాం. పక్క వీధుల్లో కొన్ని ఇళ్ళు టికెట్ పెట్టి చూపిస్తారు, మనిషికి యాభై రూపాయలు. మేం ఎక్కువసేపు గడిపింది మాత్రం టికెట్ లేని ఒక ఇంట్లో. మా గెస్ట్‌హౌస్ కుర్రాడు ఆ ఇంటి కాపలా పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాడు. చెప్పులు అరుగు కిందే వదలమన్నారు, మెట్టు మీద కూడా పెట్టనివ్వలేదు.

ముందు ఆ ఎత్తు గురించి చెప్పాలి. వీధి నుంచి నాలుగైదు రాతి మెట్లెక్కితే గానీ అరుగు రాదు. ఈ నాట్టుకోట్టై చెట్టియార్లు పూర్వం సముద్రం ఒడ్డున కావేరిపూంపట్టినంలో ఉండేవారని, సముద్రం ఊరిని మింగేశాక ఇంత లోపలికి, ఈ మెట్టభూమికి వచ్చేశారని వాళ్ళు చెప్పుకునే కథ. నీళ్ళంటే ఉన్న ఆ భయం వల్లే ఇళ్ళు ఎత్తు మీద కడతారట. కథ సంగతి ఎలా ఉన్నా, ఎత్తు మాత్రం నిజం.

మెట్లు, అరుగు అంచులు, వాకిట్లో వాన పడేచోట నేల, ఇవన్నీ నల్లరాయి. గోడలు ఇటుక. అరుగుని తిణ్ణై అంటారు. గుమ్మానికి రెండు పక్కలా మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత వెడల్పు, ముందు వరసగా స్తంభాలు. వ్యాపారం లెక్కలు, వచ్చేపోయే మనుషులు, బేరాలు అన్నీ ఇక్కడే. పెద్ద తలుపు దాటితే వళవు, అంటే మన మండువా. మధ్యలో ఆకాశం, చుట్టూ స్తంభాల వసారా, వసారా వెంబడి వరసగా చిన్న చిన్న గదులు. పెళ్ళయిన ప్రతి కొడుక్కీ అందులో వాటా. గదులు మరీ చిన్నవి, ఇంత పెద్ద ఇంట్లో ఇంత ఇరుకు గదులేంటని అడిగాను. అవి పడుకోడానికి కాదట, సామాను దాచుకోడానికి. చీరలు, వెండి, ఇత్తడి గిన్నెలు, పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చినవన్నీ అందులో. మనుషులు పడుకునేది వసారాల్లో, డాబా మీద.

వళవు తర్వాత రెండో కట్టు, బంతి భోజనాలకీ ఆడవాళ్ళకీ. ఆ తర్వాత మూడో కట్టు, వంటలు, కొట్లు, రోళ్ళు, నుయ్యి. ఆ వెనక మాకు నిన్న ఎదురైనలాంటి పెరటి గుమ్మం. ముందు గుమ్మంలో నిలబడితే ఈ గుమ్మాలన్నీ ఒకే గీత మీద ఉండి, చిట్టచివర వెనక వీధి వెలుతురు చిన్న చుక్కలా కనిపిస్తుంది. మండువాల్లో పడ్డ ఎండా, మధ్య చావళ్ళ చీకటీ ఒకదాని తర్వాత ఒకటి. ఫొటో తీయడానికి చాలా తంటాలు పడ్డాను, ఒక్కటీ సరిగ్గా రాలేదు. పిన్ని మాత్రం ఆ గీత వెంబడి నడిచి వెనక్కి వచ్చి "కోడలు వంటింట్లోంచి వీధిలో ఎవరొచ్చారో చూడొచ్చు, వీధిలో వాళ్ళకి మాత్రం కోడలు కనపడదు, అమ్మో తెలివి" అంది. నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఈ మాట లేదు.

ఇంక గోడ. బాబాయ్ ముందు వేలి గోటితో గీశాడు, గీత పడలేదు. అరచెయ్యి ఆనించాడు, తర్వాత చెంప ఆనించాడు. కాపలా పెద్దాయనకి నవ్వాగలేదు, వచ్చిన ప్రతి ఒక్కరూ ఇదే చేస్తారట. ఆయన తమిళంలో చెప్తుంటే డ్రైవరు తెలుగులో చెప్పాడు. సున్నం, ఇసక కలిపి గానుగలో మెత్తగా ఆడించి, కరక్కాయా బెల్లం నానేసిన నీళ్ళు పోసి నిలవ చేస్తారు. దాన్ని పూత మీద పూత, ముందు ముతక, తర్వాత సన్నం. ఆఖరి పూతకి మాత్రం గుల్ల సున్నం వెన్నలా నూరి అందులో గుడ్డు తెల్లసొన కలుపుతారు. అది ఆరేలోపల నున్నటి రాయితో రుద్దుతూనే ఉండాలి. వంద ఏళ్ళయింది, మళ్ళీ సున్నం వెయ్యలేదు, తడిగుడ్డతో తుడవడమే. కరక్కాయ, బెల్లం మన మండువా ఇళ్ళ మేస్త్రీలకీ తెలిసినవే గానీ ఈ ఆఖరి రుద్దుడు ఇంత ఓపిగ్గా మావైపు ఎవరూ చేసినట్టు నేను చూడలేదు. సిమెంటు గోడయితే తేమ లోపలే ఉండిపోయి పెచ్చులూడుతుంది, సున్నం గోడ తేమని పీల్చి వదిలేస్తుంది, అందుకే ఇంత చల్లగా ఉందని బాబాయ్ మాకు అక్కడే క్లాసు తీసుకున్నాడు. పైకప్పు కూడా చూపించాడు. టేకు దూలాల మీద చిన్న చిన్న పలక ఇటుకల్ని నిలువుగా, ఏటవాలుగా పేర్చి సున్నంతో బిగించిన మద్రాస్ టెర్రస్. ఇనుప చువ్వ ఒక్కటి లేదు. మండువా చుట్టూ మాత్రం వాలు కప్పు, నాటు పెంకు వరస మీద వరస.

ఆ వాలు మీద పడ్డ వానంతా మండువాలోకే దిగుతుంది. రాతి పరుపు ఒక మూలకి వాలుగా ఉండి, అక్కడ ఒక రంధ్రం, అందులోంచి నేల కింద కాలువ. కొంత నూతి వైపు, మిగతాది వీధి కాలువలోకి, వీధి కాలువలన్నీ ఊరి చెరువులోకి. ఆ చెరువుని ఊరణి అంటారు. మెట్టభూమి, నది లేదు, కాబట్టి కప్పు మీద పడ్డ చుక్క కూడా వదల్లేదు. గైడులు చూపించేది ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, జపాన్ టైళ్ళు, ఇంగ్లండ్ నుంచి తెప్పించిన ఇనుప స్తంభాలు. అవన్నీ ఉన్నాయి, బాగున్నాయి, కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నట్టు కూడా ఉన్నాయి. నాకైతే ఆ రంధ్రమూ కాలువా చూశాకే కట్టినవాళ్ళ మీద గౌరవం కలిగింది.

బాబాయ్ మాట ఇంకాస్త గట్టిది. "అద్దాలు, స్తంభాలు డబ్బున్న ప్రతివాడూ కొంటాడు, డబ్బు లేనప్పుడు ప్రతివాడూ అమ్ముతాడు. గోడ అలా కాదు. గోడ పీక్కెళ్ళి ఎవడమ్ముకుంటాడు?"

ఇక ఆ టేకు స్తంభాలు. రెండు చేతులూ చాపి పట్టుకుంటే గానీ అందనంత లావు, ఒక్కో స్తంభం ఒక్కో దుంగ. రంగం నుంచి, అంటే బర్మాలోని రంగూన్ నుంచి వచ్చినవి. మా కాకినాడ వైపు రంగం కథ లేని కుటుంబం తక్కువ. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి, రంగూన్ రేవులో బస్తాలు మోయడానికీ, బియ్యం మిల్లుల్లో పనికీ, రిక్షా లాగడానికీ పోయినవాళ్ళు వేలకి వేలు. అదే రంగూన్‌లో ఈ ఇళ్ళవాళ్ళు వడ్డీ వ్యాపారం చేశారు. బర్మా రైతుకి వరి సాగుకి పెట్టుబడి ఇచ్చింది వీళ్ళే. 1930లో దిగువ బర్మా ముఖ్య వరి జిల్లాల భూమిలో ఆరు శాతం దాకా చెట్టియార్ల చేతిలో ఉండేది. ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి రైతులు బాకీ కట్టలేకపోయేసరికి 1938 నాటికి అది ఇరవై అయిదు శాతమైంది. భూములు పోగొట్టుకున్న బర్మావాళ్ళ కోపం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అంతకుముందే, 1930 మే నెలలో రేవు కూలి పని కోసం బర్మా కూలీలకీ మన తెలుగు కూలీలకీ గొడవ రేగి, రంగూన్ వీధుల్లో మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. తర్వాత 1942లో జపాన్ వచ్చాక వడ్డీకిచ్చినవాళ్ళూ పోయారు, మూటలు మోసినవాళ్ళూ పోయారు. బాబాయ్ వాళ్ళ తాత తమ్ముడు అస్సాం మీదుగా నడిచొచ్చినవాళ్ళలో ఒకడు. తిరిగొచ్చాడు గానీ ఏమీ తేలేదు.

ఈ దుంగల్ని ఓడలోకి ఎక్కించినవాళ్ళలో మా ఊళ్ళవాళ్ళు ఉండే ఉంటారు. బాబాయ్ ఆ మాట అనలేదు, స్తంభాన్ని ఒకసారి కొట్టి చూసి "ముదురు కర్ర" అని ముందుకెళ్ళిపోయాడు.

ఇల్లు ఎవరిదని అడిగితే పెద్దాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి వదిలేశాడు. నలభై వాటాలట. చెన్నై, సింగపూర్, మలేసియా. పెంకు మార్చాలన్నా అందరూ ఒప్పుకోవాలి. పెళ్ళికీ, షష్టిపూర్తికీ మాత్రం అందరూ ఇక్కడికే వస్తారు, ఆ రెండు రోజులూ వళవు నిండిపోతుంది, వంట వెనక కట్టులో, బంతులు రెండో కట్టులో, అంతా పాత పద్ధతే. వెళ్ళేటప్పుడు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పిన్ని పూతరేకుల డబ్బా చేతిలో పెట్టింది. తెరిచి చూసి, ఇది కాగితమా అని అడిగాడు.

జనవరి 20, ఆత్తంగుడి

ఆత్తంగుడి టైళ్ళు తయారుచేసే షెడ్లు రోడ్డు పక్కనే ఉన్నాయి. ఎవరినీ అడగక్కర్లేదు, లోపలికి వెళ్ళి నిలబడితే చూపిస్తారు. ముందు ఒక గాజు పలక. దాని మీద చదరపు ఇనుప చట్రం, చట్రంలో డిజైను అచ్చు. సిమెంటులో రంగులు కలిపి పలచగా చేసి, ఒక్కో గడిలో ఒక్కో రంగు చిన్న గరిటెతో పోస్తారు. అచ్చు పైకి తీసేస్తే రంగులు ఒకదాన్లోకి ఒకటి పాకకుండా అలాగే నిలబడతాయి. పైన పొడి సిమెంటు, ఇసక చల్లి, ఆ తర్వాత తడి సిమెంటు ఇసక ముద్ద నింపి తాపీతో సదును చేస్తారు. ఒక రోజు ఆరనిచ్చి, తర్వాత కొన్నాళ్ళు నీళ్ళ తొట్టిలో. కాల్చడం లేదు, పాలిష్ లేదు. గాజు ఎంత నున్నగా ఉంటే టైలు అంత నున్నగా వస్తుంది, గాజు ఊడొచ్చాక ఆ నునుపు అలాగే ఉంటుంది. అచ్చు నింపుతున్నాయన మాతో మాట్లాడుతూనే, చూడకుండానే పోస్తున్నాడు.

చదరపు అడుగు యాభై నుంచి డెబ్బై దాకా చెప్పారు, రంగుల్ని బట్టి. కాకినాడకి లారీలో పంపుతారా అంటే పంపుతారట, కానీ దార్లో నూటికి అయిదారు పగిలినా మాది పూచీ కాదన్నారు. పరచడానికి కూడా ఇక్కడి మేస్త్రీలే వస్తారు. బాబాయ్ లెక్కలు వేసుకుని ఊరుకున్నాడు. మీరు మీ ఇంటికి వేయించాలనుకుంటే ఒక మాట, ఈ నేల మొదట్లో మసగ్గా ఉంటుంది. రోజూ తుడుస్తూ, అప్పుడప్పుడు కొబ్బరి నూనె రాస్తూ, నడవగా నడవగా మెరుస్తుంది. కొన్న మర్నాడే మెరవాలనుకునేవాళ్ళకి కాదు.

అక్కడి పెద్దిల్లు కూడా చూశాం, యాభై టికెట్. రంగులేసిన కప్పు చూడ్డానికి అందరూ మెడలు వెనక్కి వాల్చి నిలబడ్డారు. మేం వెళ్ళినప్పుడు ఒక పెళ్ళి జంటకి ఫొటోలు తీస్తున్నారు, వాళ్ళ లైట్ల వైర్లు తొక్కకుండా నడవడమే సరిపోయింది. నిన్నటి ఇంట్లో మనుషులు లేరు, ఇక్కడ మనుషులు తప్ప ఇల్లు కనపడలేదు. పది నిమిషాల్లో బయటపడ్డాం.

మధ్యాహ్నం భోజనం కారైకుడి పొలిమేరలో ఒక మెస్‌లో, డ్రైవరు చెప్పిన చోటు. అరిటాకు, శాకాహారం నూట ఎనభై, మటన్ విడిగా. పిన్ని ఎదురుచూసిన బెండకాయ మండి వచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళలో చింతపండు పిసికి, ఆ పులుసులో చిన్న ఉల్లిపాయలు, బెండకాయ ముక్కలు ఉడికిస్తారు. మా బెండకాయ పులుసుకి అక్క లాంటిది గానీ బెల్లం లేదు, ఆ కడుగు నీళ్ళ చిక్కదనం వేరు. ఉప్పుకరి అని చిన్న మటన్ ముక్కలు, ఎండుమిర్చి గింజలు దులిపేసి, చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లితో నూనెలో మగ్గించినది. మసాలా అంటూ ఏమీ లేదు. మన ఊళ్ళో చెట్టినాడు చికెన్ అని నల్లగా మిరియాలు దట్టించి పెట్టేది తిని, ఇక్కడ కూడా అదే ఉంటుందనుకుంటే పొరపాటు. రాతిపువ్వు, మరాఠీ మొగ్గ, అనాసపువ్వు వేస్తారు, కానీ వేసినట్టు తెలియకుండా వేస్తారు. చివర్లో కవుని అరిసి, నల్ల బియ్యం ఉడికించి పంచదార, కొబ్బరి కలిపింది. ఆ బియ్యం కూడా బర్మా నుంచే వచ్చిందంటారు.

తిన్నాక ఆకు మనవైపుకి మడవాలి. బాబాయ్ అటువైపు మడిచాడు. వడ్డించే ఆవిడ కంగారుగా వచ్చి తనే తిప్పి మడిచి వెళ్ళింది. అటు మడిస్తే చావు భోజనమట.

ముందు రోజు ఒక పెద్ద హోటల్లో భోజనానికి మనిషికి పదిహేను వందలు పెట్టాం, పేరెందుకు గానీ, పాత ఇంటిని బాగుచేసి నడుపుతున్నారు. వంట బాగుంది, కానీ మండువా మీద గాజు కప్పు వేసి ఏసీ బిగించారు. వాన లోపల పడకపోతే ఆ ఇంట్లో మండువా దేనికో నాకర్థం కాలేదు.

జనవరి 21, కారైకుడి

ఇక్కడ వెయ్యి కిటికీల ఇల్లు ప్రసిద్ధి. 1941లో లక్షా పాతిక వేలతో కట్టారని చెప్తారు. మూలమలుపులో, ఓడ ముందుభాగంలా వీధిలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. లోపలికి రానివ్వరు. బయట నిలబడి కిటికీలు లెక్కపెట్టడం మొదలుపెట్టిన పిన్ని ఒక ఆటోవాలా హారన్‌తో లెక్క తప్పి మానేసింది.

తర్వాత మునీశ్వరన్ కోవిల వీధి. పాత సామాన్ల కొట్లు వరసగా ఉంటాయి. ఎనామిల్ డబ్బాలు, స్వీడన్ ముద్ర ఉన్న పళ్ళేలు, పల్లాంగుళి, అంటే వామనగుంటల చెక్కలు, తంజావూరు పటాలు, నకిలీ తంజావూరు పటాలు. ఇవన్నీ కొట్ల ముందుభాగం. వెనక గోడౌన్లోకి వెళ్తే తలుపులు, గుమ్మాలు, దూలాలు, నిన్న మొన్న ఇళ్ళల్లో చూసిన స్తంభాల లాంటివే, నంబర్లేసి గోడకి ఆనించి ఉన్నాయి. రాతి స్తంభాలు బయట ఎండలో పడుకోబెట్టి ఉన్నాయి. ఒక గుమ్మం మీద గజలక్ష్మి చెక్కడం, ఏనుగుల తొండాలు అరిగిపోయి ఉన్నాయి. ఎంతో అడిగాను. నాలుగు లక్షలు, బెంగళూరు నుంచి రిసార్టువాళ్ళు చూసి వెళ్ళారు, హైదరాబాద్ వాళ్ళు కూడా తరచూ వస్తారు, ఫామ్‌హౌస్‌లకి. ఏ ఊరి ఇంటిది అని అడిగితే కొట్టాయన ఒక ఊరి పేరు చెప్పి, వాటాదార్లకి కుదర్లేదు, అమ్మేశారు, మేం పడగొట్టించం, వాళ్ళు పడగొట్టాక కొంటాం అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. ఆయన కొనకపోతే కట్టెల అడితికి పోతుంది.

పిన్ని మూడు వందల యాభైకి ఒక ఎనామిల్ గిన్నె కొంది, అయిదు వందలు చెప్పాడు. బాబాయ్ ఏమీ కొనలేదు, కానీ ముఖం మాత్రం చూశావా అన్నట్టు ఉంది. "చెప్పానా, అద్దాలూ స్తంభాలూ అమ్ముడుపోయేవే."

తిరుచ్చి వైపు తిరిగేముందు డీజిల్ కోసం ఆగితే, బంకు పక్క సందులో ఇల్లు పడగొడుతున్నారు. ముందు స్తంభాలు లేవు, తలుపులు లేవు, ఒకవైపు గోడ మాత్రం నిలబడి ఉంది, ఇంకా తెల్లగా మెరుస్తూ. బాబాయ్ కారు దిగి వెళ్ళాడు, మేమూ వెళ్ళాం. ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని చిన్న సుత్తులతో ఇటుకలకి అంటిన సున్నం కొట్టేసి శుభ్రం చేస్తున్నారు. రెండు దెబ్బలకి సున్నం ఊడిపోతోంది, ఇటుక నలక కూడా పోకుండా బయటికొస్తోంది. పక్కన వాటినే వందల్లో పేర్చారు. ఇవెందుకని డ్రైవరుతో అడిగించాం. అమ్మడానికి. సిమెంటు గోడ పడగొడితే ఇటుక ముక్కలవుతుంది, పనికి రాదు. సున్నం గోడ ఇటుక చెక్కుచెదరదు. పాత ఇటుక కనిపించేలా గోడ కట్టుకోవాలని ఊళ్ళనుంచి వచ్చి కొనుక్కుపోతున్నారట. ఒక్కోటి పన్నెండు రూపాయలు.

బాబాయ్ ఒక ఇటుక తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పలచగా ఉంది, మన ఇటుకలో సగం మందం. రెండు ఇటుకల్ని ఒకదానికొకటి కొట్టాడు, ఖంగుమంది.

"గోడని ఎవడమ్ముతాడన్నావుగా" అంది పిన్ని.

ఆయన ఇటుక వరసలో తిరిగి పెట్టేసి, వెయ్యి తీసుకుంటే ఎంతకిస్తారో అడుగు అని డ్రైవరుతో అన్నాడు. పదకొండు అన్నారు. లారీ కిరాయి వేరే.